నీళ్ళు వచ్చే లోపల

పల్నాటి సీమలో, మాచర్లకు పడమరగా సుమారు పదిహేను మైళ్ళ దూరాన, ఒకప్పుడు ఒక లోయ ఉండేది. మూడు వైపులా నల్లమల కొండలు, నాలుగో వైపు కృష్ణానది. ముళ్ళపొదలూ, రాళ్ళదారులూ దాటుకుని అక్కడికి చేరడమే ఒక ప్రయాస.

అటువంటి అడవిలో క్రీస్తుశకం 3వ శతాబ్దంలో ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి వెలసిందంటే నమ్మశక్యంగా ఉండదు. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు అక్కడొక ప్రాచీన స్తంభం చూచి ప్రభుత్వానికి కబురు చేశారు. అంతటితో నాగార్జునకొండ కథ మొదలయింది.

1927 నుంచి 1931 వరకు లాంగ్‌హర్‌స్ట్ దొర అక్కడ తవ్వకాలు జరిపించారు. 106 అడుగుల అడ్డుకొలత గల మహాచైత్యం బయటపడింది. దాని పునాది బండిచక్రం ఆకుల్లాగా అరలు అరలుగా ఉంది. ఒక అరలో మట్టికుండ, అందులో చిన్న వెండి బరిణె, ఆ వెండి బరిణెలో ముప్పావు అంగుళం బంగారు బరిణె, అందులో ఒక ఎముక తునక! దానిని బుద్ధ ధాతువుగా భావించి 1932లో సారనాథ్‌కు చేర్చారు. ఈ మహాచైత్యానికి పోషకురాలు రాజుగారి మేనత్త చాంతిసిరి అని అక్కడి శాసనాలే చెబుతున్నవి.

ఇంతలో మరొక సంగతి వచ్చిపడింది. నాగార్జునసాగర్ ఆనకట్ట కడితే లోయ యావత్తూ మునుగుతుంది. రైతుకు నీళ్ళు కావాలి, కాదనగలవారెవరు? 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. అంతకు ముందే, 1954లో, పురావస్తు శాఖవారు ఆర్. సుబ్రహ్మణ్యంగారి ఆధ్వర్యాన లోయలోకి దిగారు. 1960 వరకు పని సాగింది.

మామూలుగా తవ్వేవారు కొంత నేల ముట్టకుండా వదిలిపెడతారు. రేపటివారు మనకంటె తెలివైన పద్ధతులతో చూస్తారని వారి ఆశ. ఇక్కడ ఆ వీలు లేదు. వదిలినది నీటిపాలే! ఆదిమానవుని రాతి పనిముట్లు, పెద్ద బండల సమాధులు, ముప్పైకి పైగా బౌద్ధ కట్టడాలు, దేవాలయాలు, కృష్ణ ఒడ్డున స్నానఘట్టం, నాలుగు వైపులా మెట్లున్న ప్రేక్షకశాల — ఒక్కొక్కటే వెలికి వచ్చినవి.

మరి వాటినేం చేయాలి? అన్నిటినీ తరలించడం మానవులకు సాధ్యమా? ముఖ్యమైన వాటిని కొన్నిటిని ఎంచి, ఏ రాయి ఏ చోటుదో గుర్తు పెట్టుకుని, విప్పి తీసుకుపోయారు. స్నానఘట్టం కొండ మీదికెక్కింది. ప్రేక్షకశాల అనుపు చేరింది. మిగిలిన వాటికి కొలతలు, పటాలు, ఛాయాచిత్రాలే దిక్కయినవి.

1967లో సాగర్ కాలువలకు నీరు వదిలారు. ఆనాటి కొండ నేడు ద్వీపం. పడవలో పోయి అక్కడి మ్యూజియం చూడవచ్చును. రాళ్ళను మోసుకుపోగలిగారు గాని, అవి పుట్టి పెరిగిన నేలను మోసుకుపోలేకపోయారు. ఆ నేల ఇప్పుడు వారు గీసిన కాగితాల్లోనే ఉంది. పడవ నడినీటిలో ఉన్నప్పుడు ఒక్కసారి కిందికి చూడండి. మీ కింద ఒక రాజధాని వీధులున్నవి.