సాధన పలకయు స్మార్టు మీటరును

ధాన్యమును కుంచముతో కొలుచు కాలమున కొలుచువాని చేయియు, కొలువబడు ధాన్యమును రెండును కంటికి కనబడుచుండెను. తూనికలు కొలతల చట్టము 1956లో వెలువడి, 1958 నుండి మెట్రిక్ మానములు క్రమముగా వ్యాపించిన పిమ్మట కూడ తూకపు రాతిపై ముద్రను చూచి కొనువాడు నమ్మిక పొందుచుండెను. విద్యుచ్ఛక్తి అట్టిది కాదు. తీగలో ప్రవహించునది కానరాదు. దానిని కొలుచు యంత్రము మూసిన పెట్టెలో నుండును. ఆ పెట్టె చూపిన సంఖ్యకు మనము రొక్కము చెల్లించుచున్నాము. దానిలోని గణిత మెట్టిదో, ఆ గణితమును మన విద్యార్థు లెట్లు అభ్యసింపవచ్చునో తెలుపుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మన సీమయు విద్యుత్తును

కృష్ణగిరి జిల్లాకు పొరుగున నున్న కోలారు బంగారు గనులకు 1902లోనే శివసముద్ర జలపాతము నుండి విద్యుత్తు చేరినది. 1905లో బెంగుళూరు వీధులలో విద్యుద్దీపములు వెలిగినవి. చిప్పుల రూపకల్పనకై టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ 1985లో ఆ నగరముననే తన కేంద్రమును నెలకొల్పినది. హోసూరు నుండి బెంగుళూరు సుమారు నలువది కిలోమీటర్లు. హోసూరు సిప్కాట్ పారిశ్రామిక వాడలో మన యువజనులు యంత్రభాగములను కూర్చుచున్నారు. కూర్చు పని మన చేతికి వచ్చినది. రూపకల్పన పని కూడ రావలెను.

కేంద్ర ప్రభుత్వము 2021లో ప్రకటించిన పథకమున దేశమంతట 25 కోట్ల స్మార్టు మీటర్లను అమర్చుట లక్ష్యముగా నిర్ణయింపబడినది. ఇట్టి మీటర్లకు భారత ప్రమాణము ఐ.ఎస్. 16444, 2015లో వెలువడినది. కావున ఈ విద్య కేవల కుతూహలమునకు సంబంధించినది కాదు.

మీటరు లెక్కించు విధము

పాత మీటరులో అల్యూమినియపు బిళ్ల తిరుగుచుండెడిది. హంగరీ దేశీయుడగు ఓటో బ్లాతి 1889లో అట్టి మీటరును రూపొందించెను. నేటి మీటరులో తిరుగునది లేదు, గుణించునది కలదు. 230 వోల్టుల ఒత్తిడిని నిరోధకముల వరుస ఒక వోల్టుకు లోపలి స్థాయికి దించును. ప్రవాహము షంటు అను అల్ప నిరోధము గల లోహఖండము గుండ పోవునపుడు అచ్చట అతిస్వల్పమైన ఒత్తిడి పుట్టును. ఈ రెండింటిని మీటరు క్షణమునకు వేలసార్లు చూచి, ఏ నిమేషపు విలువల నా నిమేషముననే గుణించి, లబ్ధముల సగటు కట్టును. అదియే నిజమైన శక్తి. వేయి వాట్లు ఒక గంట వ్యయమైనచో ఒక యూనిట్.

ఒత్తిడిని, ప్రవాహమును వేరువేరుగా కొలిచి తుదకు గుణించిన చాలదా యని విద్యార్థులు అడుగుదురు. చాలదు. బావి మోటారు 230 వోల్టుల వద్ద 5 ఆంపియర్లు తీసికొన్నచో లబ్ధము 1150. కాని మోటారులో ప్రవాహము ఒత్తిడికంటె వెనుకబడి నడచును. శక్తి గుణకము 0.8 ఐనచో నిజముగా వ్యయమగునది 920 వాట్లే.

సాధన పలక

ఈ గణితమును నడుపునది మైక్రోకంట్రోలరు. గణించు భాగము, జ్ఞాపకభాగము, గడియారము, బయటి తీగలకు ద్వారములు ఒకే చిప్పులో ఇమిడియుండును. ఆ చిప్పును, దానికి వలయు విద్యుత్తును, కంప్యూటరుతో కలుపు సూదిని, సూచక దీపములను ఒక పలకపై అమర్చినదే డెవలప్‌మెంటు బోర్డు. దానిని సాధన పలక యనవచ్చును. బాలుడు పలకపై వ్రాసి తుడిచి మరల వ్రాసినట్లు, ఇందు ప్రోగ్రామును ఎన్నిమారులైన మార్చవచ్చును.

2005లో ఇటలీలో పుట్టిన ఆర్డుయినో పలక మొదటి పాఠములకు చక్కనిది. కాని దాని ఊనో రకములో కొలత 1024 మెట్లకే పరిమితము. 30 ఆంపియర్ల ఇంటి మీటరుకు దానిని వాడినచో ఒక మెట్టు సుమారు 0.08 ఆంపియర్లగును. పది వాట్ల దీపము తీసికొనునది 0.04 ఆంపియర్లే గావున ఒక మెట్టులో రమారమి సగము మాత్రమే. అందువలన మీటరులకై 24 బిట్ల సూక్ష్మతగల కొలతభాగము కల ఎం.ఎస్.పి.430 కుటుంబపు చిప్పుల వంటివి, వాటి పలకలును వచ్చినవి. తిరువనంతపురపు సి-డాక్ వారి వేగా ప్రాసెసర్లతో కూడిన ఏరీస్ పలకలు స్వదేశీయములు. పలకపై లెక్క కుదిరిన పిమ్మట దానిని ప్రామాణిక మీటరుతో పోల్చి సవరణాంకములను జ్ఞాపకభాగమున నిలుపవలెను. మీటరు యొక్క సత్యము ఆ సవరణలో నున్నది.

ఒక పరీక్ష, ఒక హెచ్చరిక

చాల మీటర్లపై యూనిట్‌కు 3200 స్పందనములు అని వ్రాసియుండును. మీ మీటరుపై నట్లున్నచో, తక్కిన వన్నియు ఆపి నూరు వాట్ల బల్బు నొక్కదానినే వెలిగించి చూడుడు. ఎఱ్ఱ దీపము రమారమి పదకొండు సెకండుల కొకసారి మెఱయవలెను. మూసిన పెట్టెను తెఱవకయే సామాన్యుడు చేయదగిన పరీక్ష యిది.

హెచ్చరిక యేమన, షంటు మీటరు పలకలో అన్ని భాగములును ప్రాణాంతకమగు 230 వోల్టుల తీగకు చేరియుండవచ్చును. అట్టి పలకను కంప్యూటరుకు నేరుగా కలుపరాదు, ముట్టరాదు. పాఠశాలలో ట్రాన్స్‌ఫార్మరు ద్వారా దించిన అల్ప ఒత్తిడితోనే పాఠము జరుగవలెను.

మైనారిటీ భాషా పాఠశాలలలోని మన బిడ్డలలో పెక్కుమందికి తెలుగు పద్యములకు, కథలకు మాత్రమే తగిన భాష యను తలంపు కలుగుచున్నది. ఆ తలంపు స్థిరపడినచో ఇంటిలో మాటలాడు భాష వేరు, తెలివికి పనికివచ్చు భాష వేరు అగును. క్రమముగా మొదటిది కూడ సన్నగిల్లును. నిరోధము, ప్రవాహము, సగటు, గుణకము – ఈ పదములు మనకున్నవి. మీటరు, బోర్డు, ప్రోగ్రాము అను మాటలు మన నోట నలిగి మనవైనవి. ప్రతి తెలుగు పాఠశాలకు ఒక సాధన పలకను, దానితో తెలుగున వ్రాసిన చిన్న పాఠ్యపుస్తకమును సమకూర్చినచో, గోడమీది పెట్టెలోని లెక్కను మన బాలికలు, బాలురు తమ భాషలోనే ప్రశ్నింపగలరు, సరిచూడగలరు, ఒకనాడు తామే కూర్పగలరు.