కెంట్ కౌంటీ: ఖాళీ నేల అన్న మాట ఎవరిది?

కెనడా దేశానికి తూర్పు అంచున న్యూ బ్రన్స్‌విక్ అనే రాష్ట్రం వుంది. దాని తూర్పు తీరాన, నార్తంబర్లాండ్ జలసంధి ఒడ్డున వున్నది కెంట్ కౌంటీ. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదనుకోవచ్చు. విస్తీర్ణం సుమారు 4,500 చదరపు కిలోమీటర్లు. జనం సుమారు 30 వేలు. అంటే చదరపు కిలోమీటరుకు ఏడుగురు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇది 308.

ఇంత నేల, ఇంత తక్కువ జనం వున్నచోట భూమి కోసం పోరాటం ఏముంటుందని మన కూలి సోదరులు అడగొచ్చు. అడగవలసిన ప్రశ్నే. జవాబు ఆ జిల్లా చరిత్రలోనే వుంది.

నేల - నీరు

కెంట్ చాలావరకు పల్లపు నేల. లోపలికి పోతే అడవి. తీరం పొడుగునా ఇసుక దిబ్బలు, ఉప్పునీటి మడుగులు. బుక్టూష్ దగ్గర ఇసుక దిబ్బ ఒక్కటే 12 కిలోమీటర్లు సాగుతుంది. రిషిబుక్టో, బుక్టూష్, కూషిబుగ్వాక్ నదులు ఇక్కడే సముద్రంలో కలుస్తాయి. చలికాలం పొడుగు, పంటకాలం పొట్టి. అందుకే ఒక్క సేద్యంతో ఇల్లు గడవదు. కొంత సేద్యం, కొంత చేపలవేట, కొంత కలప పని. మూడూ కలిస్తేనే ఏడాది గడిచేది.

జనం

ఈ నేలకు మొదటివాళ్లు మిక్‌మా ఆదివాసులు. రిషిబుక్టో నది ఒడ్డున ఎల్సిపోగ్‌టోగ్‌లో వాళ్ల సముదాయం నేటికీ వుంది. కౌంటీలో ఎక్కువమంది ఫ్రెంచి మాట్లాడే అకాడియన్లు. 1755 నుంచి బ్రిటిషు పాలకులు అకాడియన్లను వేల సంఖ్యలో ఓడలెక్కించి వెళ్లగొట్టారు, ఇళ్లు తగలబెట్టారు. తప్పించుకున్నవాళ్లు, తిరిగి వచ్చినవాళ్లు ఇలాంటి తీరాల్లో మళ్లీ ఊళ్లు కట్టుకున్నారు.

ఈ కౌంటీలోని సెయింట్ ఆంత్వాన్‌లో పుట్టిన లూయీ రొబిషో 1960లో ఎన్నికల్లో గెలిచి రాష్ట్ర ప్రధాని అయ్యాడు. ఆ పదవికి ఎన్నికైన తొలి అకాడియన్ ఆయనే. పేద కౌంటీలకూ ధనిక కౌంటీలకూ బడి, ఆసుపత్రి సమానంగా అందాలని 1967లో కౌంటీ పాలక మండళ్లనే రద్దుచేసి, ఆ బాధ్యత రాష్ట్రానికి అప్పజెప్పాడు. 1969లో ఫ్రెంచికి ఇంగ్లీషుతో సమానంగా అధికార భాష హోదా ఇచ్చాడు. మంచి పనులే.

పార్కు పేరిట

అయితే అదే 1969లో, అదే ప్రభుత్వం, కెంట్ తీరాన కూషిబుగ్వాక్ జాతీయ పార్కుకు ఒప్పందం చేసుకుంది. సుమారు 238 చదరపు కిలోమీటర్ల నేల. అందులో ఊళ్లున్నాయి. రెండు వందలకు పైగా కుటుంబాలు, దాదాపు 1,200 మంది. వాళ్లలో ఎక్కువమంది అకాడియన్లు. పేదలు కదా, కదిలిస్తే బాగుపడతారని అధికారులు చెప్పారు. ఇంటికి, నేలకు లెక్కగట్టి డబ్బిచ్చారు. అడవిలో దొరికే కట్టెకు, మడుగులో దొరికే చేపకు ఎవరు లెక్కగట్టారు? నగదు కంట పడకపోయినా కడుపు నింపినవి అవే. చాలా ఇళ్లు కూలగొట్టారు, తగలబెట్టారు. చేపలవేటపై ఆంక్షలు వచ్చాయి. జాలర్లు ఆందోళనకు దిగారు.

క్లేర్-ఫోంటేన్ ఊరి జాకీ వోటూర్ కదలనన్నాడు. 1976లో ఆయన ఇంటిని బుల్డోజరుతో పడగొట్టారు. 1978లో కుటుంబంతో తిరిగొచ్చి అదే నేల మీద గుడిసె వేశాడు. 2021లో చనిపోయేదాకా ఆ హక్కు వదులుకోలేదు. ఆ పోరాటం ఊరికే పోలేదు. కెనడాలో 2000 నాటి జాతీయ పార్కుల చట్టం, పార్కు కోసం బలవంతపు భూసేకరణ కూడదంటున్నది.

పని - కూలి

చేపల ఫ్యాక్టరీల్లో పని కొన్ని నెలలే. మిగతా కాలం నిరుద్యోగ బీమాయే ఆధారం. 2012లో కేంద్ర ప్రభుత్వం దాని మీద దెబ్బ కొట్టింది. తరచు బీమా తీసుకునేవాళ్లు గంట ప్రయాణం దూరంలోనైనా, పాత కూలిలో 70 శాతానికైనా పనికి పోవాలన్నది. సీజను పని మీద బతికే ఊళ్లు వీధికెక్కాయి. 2016లో ఆ నిబంధనలు వెనక్కి పోయాయి. ఇంకోవైపు రాష్ట్రంలోని చేపల ఫ్యాక్టరీలు మెక్సికో, ఫిలిప్పీన్స్ కూలీలను రప్పిస్తున్నాయి. చాలామందికి వచ్చే పర్మిట్టు ఒక్క యజమానికే కట్టివేసేది. యజమానితో పేచీ పడితే పనీ పోతుంది, ఉండే ఆధారమూ పోతుంది. ఇది వెట్టికి ఎంత దూరం?

2013లో షేల్ గ్యాసు తవ్వకానికి కంపెనీ అన్వేషణ మొదలుపెడితే, నీళ్లు పాడవుతాయని మిక్‌మాలు, అకాడియన్లు, ఇంగ్లీషువాళ్లు ఒక్కటై రోడ్డు కడ్డం నిలిచారు. అక్టోబరు 17న రెక్స్‌టన్ దగ్గర పోలీసులు విరుచుకుపడి 40 మందిని అరెస్టు చేశారు. మరుసటి ఏడు ప్రభుత్వం మారింది. 2014 డిసెంబరులో కొత్త ప్రభుత్వం ఆ తవ్వకాల మీద తాత్కాలిక నిషేధం ప్రకటించింది. మాట్లాడే భాషలు వేరైనా తాగే నీరు ఒకటేనని వాళ్లు తెలుసుకున్నారు.

మనం గమనించాల్సింది ఒకటుంది. చదరపు కిలోమీటరుకు ఏడుగురంటే కాగితం మీద ఖాళీ నేలలాగే కనిపిస్తుంది. ఆ ఏడుగురూ ఎక్కడ వేటాడతారో, ఎక్కడ కట్టె కొడతారో కాగితం చెప్పదు. కాబట్టి ఏ ఊళ్లోనైనా సర్వే గొలుసు దిగితే ఎకరాల లెక్కతో సరిపెట్టుకోకూడదు. ఆ నేల మీద, ఆ నీటి మీద బతికేవాళ్ల పేర్లన్నీ, వాళ్ల పనులతో సహా, ముందు మనమే రాసిపెట్టాలి.