కిరసనాయిలు దీపంతో రేడియో

బ్నీద్ అల్ గార్ పేరులోని ‘గార్’ అనగా తారు. తైలసంపదకు నెలవైన కువైత్‌లో సైతం 2024 జూన్‌లో విద్యుత్ కోతలు తప్పలేదు. అట్టి వేళ గుప్పెడు నూనె మండించి సెల్‌ఫోనుకు ప్రాణం పోయలేమా?

ఊహ పాతదే. రెండు భిన్న లోహాల అతుకులలో ఒకటి వేడిగా, మరొకటి చల్లగా ఉన్నచో విద్యుత్తు పుడుతుంది. 1821లో దీనిని గమనించిన సీబెక్ అయస్కాంత ప్రభావమని భ్రమపడ్డాడు! 1950 దశకంలో సోవియట్ పల్లెలలో కిరసనాయిలు దీపపు వేడితోనే రేడియోలు మోగాయి.

కిలో కిరసనాయిలులో దాదాపు 12 యూనిట్ల శక్తి ఉంది. కిలో లిథియం బ్యాటరీలో సుమారు పావు యూనిట్. నూటికి 5 వంతులే విద్యుత్తుగా మారినా, పరికరపు బరువు మాట అటుంచితే, నూనెదే పైచేయి. చిక్కంతా మంటతోనే. సందు రెండు మిల్లీమీటర్లకు తగ్గితే గోడలు వేడిని లాగివేసి జ్వాల ఆరిపోతుంది. అందువల్ల ప్లాటినం పూతపై జ్వాల లేకుండానే ఇంధనాన్ని దహింపజేస్తారు.

చల్లని అంచూ ముఖ్యమే. 2016 జులై 21న కువైత్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదయింది. వేడి అంచు 250 డిగ్రీల వద్ద ఉండగా చల్లని అంచు 30 నుండి 50కి పెరిగితే ఉత్పత్తి దాదాపు ఆరవ వంతు తగ్గుతుంది.

పైగా దహనం అసంపూర్ణమైతే కార్బన్ మోనాక్సైడ్ వెలువడుతుంది. దానికి రంగూ వాసనా లేవు. ఏసీ ఆగిన గదిలో తలుపులు బిగించి దీనిని వెలిగించరాదు.