పట్టులు తగ్గిన డిఫెండర్‌ను జట్టు నుంచి తీసేయాలా?

2022 అక్టోబరులో ప్రో కబడ్డీ తొమ్మిదో సీజన్ మొదలైనప్పుడు తెలుగు టైటాన్స్ డిఫెన్స్ చూసి మా కొండకర్ల కుర్రాళ్లు పొంగిపోయారు. సుర్జీత్ సింగ్, విశాల్ భరద్వాజ్, రవీందర్ పహల్, పర్వేశ్ భైన్‌స్వాల్. పట్టులో పేరుమోసిన నలుగురూ ఒకే జట్టులో ఉన్నారు. ఫాంటసీ ఆటలో సొంత జట్టు కట్టుకునేవాళ్లు వీళ్లలో ఒకరిద్దరిని మరో ఆలోచన లేకుండా వేసేసుకున్నారు. సీజన్ అయ్యేసరికి టైటాన్స్ 22 మ్యాచ్‌లు ఆడి రెండంటే రెండే గెలిచి, పట్టికలో అట్టడుగున మిగిలింది. అచ్యుతాపురం సెజ్‌లో షిఫ్టు దిగి వచ్చి ఫోన్ల ముందు చేరిన కుర్రాళ్లు "ఏటి మావయ్యా, ఈడు మూడు మ్యాచ్‌ల నుంచి ఏటీ పట్టట్లేదు, తీసేద్దునా?" అని ఆ సీజన్లో అడిగినన్నిసార్లు నన్ను మరెప్పుడూ అడగలేదు.

ఆ ప్రశ్నకు స్కోరుబోర్డు చూసి జవాబు చెప్పకూడదని నా గట్టి నమ్మకం. ఫాంటసీ ఆట తెలియనివారికి ఒక్క మాట: నిజంగా ఆడే ఆటగాళ్లలోంచి మనం కాగితం మీద ఒక జట్టు ఎంచుకుంటాం. మైదానంలో వాళ్లు సాధించిన పాయింట్లే మనకు వస్తాయి. రైడర్ విషయంలో ఈ లెక్క బాగానే నడుస్తుంది. ఎన్నిసార్లు కూతకు వెళ్లాడో, ఎందరిని తాకి వచ్చాడో కళ్లముందే ఉంటుంది. డిఫెండర్ దగ్గరకు వచ్చేసరికి అదే లెక్క మనల్ని దారి తప్పిస్తుంది. ఎందుకో తెలియాలంటే ఒక్క రైడ్‌ను దగ్గరగా చూడాలి.

రైడర్ కూతతో మధ్యగీత దాటాడు. అతనికున్నది 30 సెకన్లు. ఎదురుగా ఏడుగురు: రెండు చివర్లా కార్నర్లు, వాళ్ల పక్కన ఇన్‌లు, కవర్లు, నడుమ ఒకడు. మధ్యగీతకు 3.75 మీటర్ల దూరంలో బాక్ లైన్, దానికి ఇంకో మీటరు అవతల బోనస్ గీత. రైడర్ ఎడమ కార్నర్ వైపు జరిగి, బోనస్ కోసం ఒక కాలు చాపాడు. ఆ కాలు నేలకు ఆనీ ఆనకముందే కార్నర్ వంగి చీలమండ దొరకబుచ్చుకున్నాడు. దీన్నే యాంకిల్ హోల్డ్ అంటారు. ఇక్కడితో పని పూర్తి కాలేదు. రైడర్ ఒంటికాలి మీద తిరిగి మధ్యగీత మీదికి దూకుతాడు. ఈలోగా కవర్ ఆటగాడు వచ్చి నడుం పట్టాలి, లేదా భుజంతో గుద్ది పక్క గీత అవతలకు నెట్టాలి. అతను అర సెకను ఆలస్యమైతే కార్నర్ చేతిలోంచి కాలు జారిపోతుంది. కార్నర్ అవుట్, పాయింటు రైడర్‌ది. పట్టు నిలిస్తే మాత్రం ట్యాకిల్ పాయింటు మొదట పట్టినవాడి ఖాతాలో పడుతుంది. పరుగున వచ్చి ఆ పట్టు నిలబెట్టిన కవర్‌కు అంకెల్లో మిగిలేది సున్నా.

కాబట్టి ఒక కార్నర్ పాయింట్లు తగ్గాయంటే ముందు చూడాల్సింది అతని పక్కవాణ్ని. కవర్ మారాడా? గాయపడిన కవర్ స్థానంలో కొత్త కుర్రాడు వచ్చాడా? ఎడమ వైపు అలవాటుపడ్డ కార్నర్‌ను కోచ్ కుడికి మార్చాడా? కార్నర్, కవర్ జోడీ కుదరడానికి నెలలు పడుతుంది. నలుగురు పేరున్న డిఫెండర్లను కొని ఒకచోట చేర్చితే అది డిఫెన్స్ అయిపోదని 2022 టైటాన్స్ చూపించింది.

ఆ జట్టు కథలో ఇంకో పాఠం కూడా ఉంది. కబడ్డీలో డిఫెండర్ బతుకు రైడర్ చేతిలో ఉంటుంది. మన జట్టుకు పాయింటు వస్తేనే బయట కూర్చున్నవాడు తిరిగి లోపలికి వస్తాడు. రైడర్లు వరుసగా దొరికిపోతుంటే మన పక్క ఏడుగురు ఐదుగురవుతారు, ఐదుగురు ముగ్గురవుతారు. ముగ్గురో అంతకంటే తక్కువో ఉన్నప్పుడు పట్టితే సూపర్ ట్యాకిల్, ఒక పాయింటు అదనం. నిజమే. కానీ పదమూడు మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పున్న మ్యాట్‌లో తమ సగాన్ని ముగ్గురే కాచుకోవాలంటే ప్రతి పట్టూ తెగింపే. అందరూ అవుటయితే ఎదుటి జట్టుకు మరో రెండు పాయింట్లు. పైగా మూడో నిమిషంలో అవుటైన కార్నర్ బెంచీ మీద ఎంతసేపు కూర్చున్నాడో మ్యాచ్ ముగిశాక మనం చూసుకునే పాయింట్ల పట్టికలో కనిపించదు. 40 నిమిషాల ఆటలో పాతిక నిమిషాలే మ్యాట్ మీద ఉన్నవాణ్ని పూర్తిగా ఆడినవాడితో పోల్చి తిట్టుకుంటాం.

ఇక అసలు చిక్కు. మంచి డిఫెండర్ దగ్గరకు ఎవరూ రారు. ఫలానా కార్నర్ కాలు అందితే వదలడని తెలిశాక రైడర్ ఆ వైపు అడుగు వెయ్యడం మానేస్తాడు. రెండో వైపు తిరిగి, అక్కడ పాయింటు తెచ్చుకుని పోతాడు. కాపలా గట్టిగా ఉన్న జీడితోటలో దొంగలు దొరకలేదని కాపలావాడి కూలి కోస్తామా? అమెరికన్ ఫుట్‌బాల్‌లో దీనికి చక్కని ఉదాహరణ ఉంది. ఓక్లాండ్ రైడర్స్ జట్టు డిఫెండర్ నామ్డీ అసొముగా 2006లో ప్రత్యర్థులు విసిరిన బంతుల్లో 8 లాక్కున్నాడు. 2007లో ఒక్కటే. 2008లోనూ ఒక్కటే. అంకెలే చూస్తే అతని పని అయిపోయినట్టే. కానీ 2008లో అతన్ని దేశం మొత్తానికీ మేటి జట్టులోకి ఎంపిక చేశారు. ఎదుటి జట్లు అతను కాపుకాసే వైపు బంతి విసరడమే మానుకున్నాయని అక్కడివాళ్లు గుర్తించారు.

గుర్తించకపోతే ఏమవుతుందో ఇంగ్లండులో తెలిసొచ్చింది. 2001 ఆగస్టులో మాంచెస్టర్ యునైటెడ్ మేనేజర్ అలెక్స్ ఫెర్గూసన్ తన జట్టుకు వెన్నెముక లాంటి డిఫెండర్ యాప్ స్టామ్‌ను ఇటలీలోని లాజియో క్లబ్బుకు అమ్మేశాడు. స్టామ్ ట్యాకిల్స్ సంఖ్య తగ్గిందన్న గణాంకం ఆ నిర్ణయానికి ఒక కారణమని ఫుట్‌బాల్ రచయితలు రాశారు. నాలుగేళ్ల తర్వాత, 2005లో, ఆ స్టామ్ ఏసీ మిలాన్ తరఫున చాంపియన్స్ లీగ్ ఫైనల్ ఆడాడు. అతన్ని అమ్మడం పొరపాటని ఫెర్గూసనే తర్వాత ఒప్పుకున్నాడు. సరైన చోట ముందే నిలబడ్డవాడికి కాలు అడ్డుపెట్టి బంతి లాక్కోవాల్సిన అవసరం తక్కువే పడుతుంది.

అదృష్టం సంగతీ చూడాలి. ఆరో సీజన్లో యూపీ యోధా కార్నర్ నితేశ్ కుమార్ 25 మ్యాచ్‌ల్లో 100 ట్యాకిల్ పాయింట్లు సాధించాడు. ప్రో కబడ్డీలో ఒకే సీజన్లో వంద అందుకున్న మొదటి డిఫెండర్ అతనే. అంత గొప్ప సీజన్లో అతని సగటు మ్యాచ్‌కు నాలుగు! అంటే మ్యాచ్‌కు మూడు పాయింట్ల సగటు ఉన్నవాడు మంచి డిఫెండరే. ఇంత చిన్న అంకెలు ఊగిసలాడక తప్పదు. సంభావ్యత లెక్క వేస్తే, అలాంటి ఆటగాడికి ఏ లోపమూ లేకుండానే ఐదు మ్యాచ్‌లకు ఒకటి చొప్పున సున్నా గానీ ఒకటి గానీ వస్తుంది. వరుసగా మూడు మ్యాచ్‌లు అలా పోయే అవకాశం ఏ మూడింటిని తీసుకున్నా నూటికి ఒకటి కంటే తక్కువ. కానీ 22 మ్యాచ్‌ల సీజన్ మొత్తంలో ఎక్కడో ఒకచోట అలాంటి వరుస తగిలే అవకాశం నూటికి పన్నెండు దాకా ఉంటుంది. 12 జట్లలో ఇలాంటి డిఫెండర్లు ఒక నలభై మంది ఉంటే, వాళ్లలో నలుగురైదుగురు కేవలం దురదృష్టం వల్లే ఒక చెడ్డ పక్షం చూస్తారు. వాళ్లనే మనం "అయిపోయాడు" అని తీసేస్తాం. తీసేసిన మర్నాడు అతను ఒక్క మ్యాచ్‌లో ఐదు పట్టులు పట్టి హై ఫైవ్ కొడితే తల బాదుకుంటాం.

అయితే నిజంగా ఆట తగ్గినవాళ్లూ ఉంటారు. వాళ్లను ఆనవాలు పట్టే పద్ధతి నాకు తెలిసినంతవరకు ఇది. పాయింట్లు కాకుండా ప్రయత్నాలు లెక్కపెట్టాలి. మునుపటిలాగే రైడర్లు అతని వైపు వస్తున్నారా, అతను చెయ్యి వేస్తున్నాడా, వేసిన ప్రతిసారీ పట్టు జారిపోతోందా? జారిపోతుంటే అనుమానించాల్సిందే. ముఖ్యంగా డూ ఆర్ డై రైడ్‌లు చూడాలి. రెండు ఖాళీ రైడ్‌ల తర్వాత మూడోదానికి రైడర్ పాయింటు తేవాలి, లేదా అవుటవ్వాలి. అప్పుడతను ఊరికే తిరిగి వెళ్లలేడు, డిఫెండర్‌కు దొరికే మేలైన అవకాశం అదే. అక్కడ కూడా ఓపిక పట్టలేక ముందే దూకేస్తుంటే, కోచ్ రెండో సగంలో అతన్ని బయటకు పిలిచేస్తుంటే, పసుపు కార్డులు తెచ్చుకుని రెండేసి నిమిషాలు బయట కూర్చుంటుంటే, ఆ ఆటగాడి పేరు కొట్టేయొచ్చు.

ఈ కనపడని పనికి విలువ కట్టడం ఇప్పుడిప్పుడే మొదలైంది. లక్షలమంది ఉచితంగా ఆడే ఇంగ్లిష్ ఫుట్‌బాల్ ఆట ఫాంటసీ ప్రీమియర్ లీగ్ 2025-26 సీజన్ నుంచి కొత్త నియమం పెట్టింది. డిఫెండర్ ఒక మ్యాచ్‌లో బంతిని దూరంగా తన్నడం, అడ్డుకోవడం, మధ్యలో అందుకోవడం, ట్యాకిల్ చేయడం అన్నీ కలిపి పదిసార్లు చేస్తే 2 పాయింట్లు. అంతకుముందు జట్టు గోలు ఇవ్వకపోతే వచ్చే 4 పాయింట్లే అతనికి ప్రధాన ఆదాయం. పక్కవాడి తప్పుకు ఒక్క గోలు పడితే మొత్తం పోయేది. కబడ్డీ ఫాంటసీలోనూ పట్టు నిలబెట్టిన కవర్‌కు సగం పాయింటైనా ఇవ్వాలని నా కోరిక.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. పందెం కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టు 22న ఆమోదం పొందిన కేంద్ర చట్టం దేశమంతటా ఆ తలుపు మూసింది. సరిగ్గా వారానికి, ఆగస్టు 29న, ప్రో కబడ్డీ పన్నెండో సీజన్ మనకు దగ్గర్లోని విశాఖపట్నంలోనే టైటాన్స్, తమిళ్ తలైవాస్ మ్యాచ్‌తో మొదలైంది. పందెం డబ్బు తొలగిపోవడం ఫాంటసీ ఆటకు మేలే చేసిందని నేననుకుంటాను. రాత్రికి రాత్రి నష్టం పూడ్చుకోవాలన్న ఆత్రం లేనప్పుడే డిఫెండర్‌ను నెమ్మదిగా అంచనా వేయగలం.

కాబట్టి తమ్ముళ్లూ, వచ్చే సీజన్లో స్నేహితులతో కాగితం మీద జట్లు కట్టుకున్నప్పుడు పక్కన ఒక నోటుబుక్కు పెట్టుకోండి. మీ కార్నర్ వైపు ఎన్ని రైడ్‌లు వచ్చాయి, ఎన్నిసార్లు చెయ్యి వేశాడు, ఎన్ని నిలిచాయి, ఎంతసేపు మ్యాట్ మీద ఉన్నాడు. ఈ నాలుగే రాయండి. రైడ్‌లు రాకపోవడం వల్ల పాయింట్లు తగ్గితే అతన్ని ఉంచండి. రైడ్‌లు వస్తూ పట్టులు జారిపోతుంటే ఐదారు మ్యాచ్‌లు చూసి అప్పుడు తీసేయండి.