పదమూడేళ్లు మూలపడ్డ మన్రో కాగితం

పత్తికొండ: మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1827 జూలై 6న ఇక్కడే కలరాతో కన్నుమూశారు. సీమలో ఒకప్పుడు పిల్లలకు 'మన్రోలప్ప' అని పేరు పెట్టుకున్నారు. మన్రో దొర కథలు తెలిసినంతగా ఆయన రాసిన కాగితాల సంగతి రైతులకు తెలియదు. వాటిలో ఒకటి మన చేలకు సంబంధించినదే.

పటాలం నుంచి కచేరీకి

గ్లాస్గోలో 1761లో పుట్టిన మన్రో 1780లో కంపెనీ పటాలంలో చేరి మద్రాసు వచ్చారు. హైదరాలీతో జరిగిన యుద్ధంలో పాల్గొన్నారు. 1800లో నిజాం దత్త మండలాలను కంపెనీకి వదులుకోగా, వాటికి ప్రధాన కలెక్టరయ్యారు. పాలెగాళ్లను అణచివేశారు. పొలాలు కొలిపించి రైతువారీగా శిస్తు కట్టారు. ఏడేళ్లలో కంపెనీ రాబడి దాదాపు ఒకటిన్నర రెట్లయింది.

రూపాయికి నాలుగణాలు

ఆ శిస్తు రైతు మోయలేనిదని చెప్పిందీ ఆయనే. 1807 ఆగస్టు 15న పైవారికి నివేదిక పంపారు. మెట్టకు, మాగాణికి రూపాయికి నాలుగణాలు, బావుల కింది పొలాలకు సుమారు మూడో వంతు తగ్గించాలని అందులో కోరారు.

పైవారు ఒప్పుకోలేదు. ఊళ్లను ముందు మూడేళ్లకు, తర్వాత పదేళ్లకు గుత్తకిచ్చారు. గుత్తదారులు ఎందరో చితికిపోయారు. రైతులూ నలిగిపోయారు. 1820లో మన్రో గవర్నరయ్యాకే రైతువారీ పద్ధతి తిరిగి వచ్చింది. ఆయన అడిగిన తగ్గింపూ అమలైంది.

ఇంటి ఉత్తరాలు

సర్కారు కాగితాలతో పాటు తండ్రికి, చెల్లెలికి, భార్యకు రాసిన ఉత్తరాలూ ఉన్నాయి. 1826లో భార్య జేన్ చిన్న కొడుకుతో సీమకు వెళ్లిపోయాక, బోసిపోయిన గిండీ బంగళా గురించి ఆమెకు రాశారు. రాజీనామా ఇచ్చి, కొత్త గవర్నరు కోసం ఎదురుచూస్తూనే, చివరిసారి దత్త మండలాలు చూసిపోదామని బయలుదేరారు. మళ్లీ ఇల్లు చేరలేదు. గుత్తిలో సమాధి చేసిన భౌతికకాయాన్ని 1831లో మద్రాసు కోటలోని చర్చికి తరలించారు.

ఆయన ఉత్తరాలు 1830లో గ్లీగ్ రాసిన జీవిత చరిత్రలోనూ, సర్కారు రాతలు 1881లో ఆర్బత్‌నాట్ సంపుటాల్లోనూ అచ్చయ్యాయి. సొంత కాగితాలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి.

రాసినాయనే గద్దె ఎక్కాక గానీ ఆ నివేదిక కదలలేదు. అందాకా ఆ పదమూడేళ్ల బరువు మోసింది మాత్రం సీమ రైతు.