పారవేసే రక్తంలో పసిబిడ్డ భవిష్యత్తు

నంద్యాలలో కాన్పయి, మూడవ రోజుకే బిడ్డతో ఆళ్లగడ్డకు తిరుగు ప్రయాణమయ్యే తల్లులు ఎందరో. బిడ్డ చెవిలో అజాన్ వినిపించడం అయింది, ఇక అఖీఖా ఏర్పాట్లు చూడాలి. ఈ సందడిలో ఒక చిన్న పరీక్ష ఎవరికీ గుర్తుండదు.

బొడ్డు కోసిన తరువాత మాయ వైపు తాడులో కొంత రక్తం మిగులుతుంది. మాయతోపాటు దానినీ పారవేస్తారు. అందులో కొన్ని మిల్లీలీటర్లు తీసి ఉంచితే చాలు, బిడ్డకు సూది పోటు ఉండదు. బిడ్డ రక్తం గ్రూపు తెలుస్తుంది. తల్లిది నెగటివ్, బిడ్డది పాజిటివ్ అయితే 72 గంటలలోగా తల్లికి యాంటీ-డి ఇంజెక్షన్ ఇవ్వాలి. లేకుంటే తరువాతి కాన్పులో బిడ్డకు ముప్పు.

అన్నిటికంటే విలువైనది థైరాయిడ్ పరీక్ష, అంటే టీఎస్‌హెచ్. థైరాయిడ్ లోపంతో పుట్టిన శిశువు మొదట ఆరోగ్యంగానే కనిపిస్తాడు. ఎక్కువగా నిద్రపోతాడు, అరుదుగా ఏడుస్తాడు. "ఎంత బుద్ధిమంతుడో!" అని నానమ్మ మురిసిపోతుంది. ఆ బుద్ధిమంతతనమే వ్యాధి లక్షణం కావచ్చు. ఈలోగా మెదడుకు జరిగే నష్టం తిరిగి పూడదు. మొదటి రెండు వారాలలోగా మందు మొదలుపెడితే ఎక్కువ మంది పిల్లలు తోటివారివలె ఎదుగుతారు. ఆ మందు ఖరీదైనదేమీ కాదు. చిన్న మాత్రను నూరి తల్లిపాలలో కలిపి పట్టడమే.

ఇది అంత అరుదైన లోపమూ కాదు. హైదరాబాదులో డాక్టర్ రాధారమాదేవి బృందం 18,300 మంది శిశువులను పరీక్షించగా సుమారు 1,700 మందిలో ఒకరికి ఇది కనిపించింది. తరువాత భారత వైద్య పరిశోధన మండలి హైదరాబాదుతో సహా ఐదు నగరాలలో లక్షకు పైగా శిశువులను పరీక్షించింది; 1,130 మందిలో ఒకరు తేలారు. ఆ పరీక్షలు మడమ నుండి తీసిన రక్తంతో జరిగాయి. తొందరగా ఇల్లు చేరే తల్లుల విషయంలో బొడ్డు రక్తమే అనువైన మార్గం. ఈ లోపంలో కొన్ని రకాలు వంశపారంపర్యమైనవి. దగ్గరి సంబంధాలు చేసుకునే మన కుటుంబాలు ఈ మాట గమనించాలి.

ఫలితం ఎక్కువగా వచ్చినంత మాత్రాన జబ్బున్నట్లు కాదు. కాన్పు ఒత్తిడికీ అది పెరుగుతుంది. మళ్లీ రక్తనాళం నుండి తీసి నిర్ధారించాలి. నెలలు నిండని బిడ్డకు కొన్ని వారాలకు తిరిగి చేయాలి. అన్నట్లు, బొడ్డు రక్తాన్ని వేల రూపాయలకు దాచిపెడతామనే వ్యాపారం వేరు. దానిని వైద్య పరిశోధన మండలి సిఫారసు చేయడం లేదు.

నంద్యాలలో 2023 నుండి ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తోంది. ప్రతి కాన్పుకూ ఈ పరీక్ష అక్కడ ఆనవాయితీ కావాలని కోరడం మన హక్కు. అయితే ఫలితం వచ్చేసరికి తల్లి ఊరు చేరి ఉంటుంది. ఆసుపత్రి కాగితాలలో ఉన్నది కువైట్‌లోని భర్త నంబరైతే ఆ కబురు ఇల్లు చేరదు. ఆళ్లగడ్డలో ఫోను ఎత్తే అమ్మమ్మ నంబరు ఇచ్చి రండి.