గోలు కొట్టేవారేరీ?

ఓడిపోయే జట్టును అభిమానించుట అంత కష్టము కాదు. గోలు కొట్టని జట్టును అభిమానించుట కష్టము. ఈ రెంటికి గల భేదము క్రికెట్ మాత్రమే చూచువారికి ఒక పట్టాన బోధపడదు. అక్కడ ఎంత నాసి జట్టయినా ఏవో నాలుగు పరుగులు తీయక మానదు. ఫుట్‌బాల్‌లో అట్లు కాదు. తొంబది నిమిషములు చెమటోడ్చి, బంతిని కొన్ని వందల పర్యాయములు ఒకరికొకరు అందించుకొని, తుదకు సున్నతోనే ఇంటిముఖము పట్టవచ్చును. గోలు అను మాటకు బహువచనము చెప్పుమన్నచో తరగతిలో పిల్లలు 'గోళ్ళు' అని నవ్వుదురు. వ్యాకరణము సంగతి ఎట్లున్నను, అభిమానికి తుదకు మిగులునవి అవే, కొరుకుకొనుటకు.

మన హైదరాబాదు ఎఫ్.సి. కథ ఇందుకు తార్కాణము. 2019లో ఇండియన్ సూపర్ లీగులో అడుగుపెట్టిన ఈ క్లబ్బు తొలి ఏడు పట్టికలో అట్టడుగున నిలిచినది. కొత్త కాపురము గదా అని జనము సరిపెట్టుకొన్నారు. మూడవ ఏటికి రాత మారినది. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డా మైదానములో కేరళ బ్లాస్టర్సుతో అంతిమ పోటీ. ఒక గోలు వెనుకబడి, ఆట ముగియవచ్చిన వేళ సాహిల్ తవోరా కొట్టిన దెబ్బతో సమానమైనది. పెనాల్టీలలో గోలుకీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి అడ్డుగోడవలె నిలిచినాడు. కప్పు హైదరాబాదుకు దక్కినది. ఆ ఏడు నైజీరియా దేశస్థుడు ఒగ్బెచే ఒక్కడే 18 గోల్సు చేసినాడు. ఈ అంకెను పాఠకులు కొంచెము గుర్తుంచుకొనవలెను. ఏలయన, రెండేండ్లు తిరుగునప్పటికి, 2023-24లో, జట్టంతయు కలిసి 22 ఆటలలో చేసిన గోల్సు 10. గెలిచినది ఒకే ఒక ఆట. 2024 మార్చిలో చెన్నైయిన్ జట్టుపై, అదియును ఒక్క గోలు తేడాతో.

కారణము గూఢమైనదేమీ కాదు. డబ్బు చాలలేదు. జీతములు బకాయిపడినవి. బకాయిలు తీరువరకు కొత్తవారిని చేర్చుకొనరాదని అంతర్జాతీయ సమాఖ్య ఆంక్ష విధించినది. విదేశీ ఆటగాళ్ళు ఒక్కరొక్కరే వెళ్ళిపోయినారు. మిగిలినవారిలో పలువురు మీసము సరిగా రాని కుర్రవాళ్ళు. వారు శ్రద్ధగా పరుగెత్తలేదని ఎవరైనా అన్నచో అది అన్యాయము. బంతి వారి వద్దకు వచ్చుచునే ఉండెను. మధ్యగీత దాటుచుండెను. పెనాల్టీ పెట్టె అంచుకు చేరుచుండెను. అక్కడ ఒక క్షణము తటపటాయింపు. బంతి ప్రక్కవానికి, ప్రక్కవాని నుండి వెనుకకు, వెనుక నుండి మరల మధ్యకు. 'డెక్కన్ లీజియన్' అను అభిమాన బృందము వారు ఖాళీ కుర్చీల నడుమ నిలిచి డప్పులు వాయించుచునే ఉన్నారు. రెంజల్ వంటి ఊళ్ళలో, గచ్చిబౌలికి సుమారు 200 కిలోమీటర్ల దూరమున, టీవీ ముందర కూర్చున్నవారికి డప్పులు వాయించు అవకాశము కూడ లేదు. "కొట్టరా!" అని అరచుట, తరువాత లేచిపోయి మంచినీళ్ళు త్రాగుట, ఇంతే.

ఈ బాధ ఎట్టిదో బోధను ప్రాంతము వారికి చెప్పుట సులువు. చేనునిండ చెరకు పండినది. కోసినారు, కట్టలు కట్టినారు, బండ్లకెత్తినారు, గేటు వద్ద బండ్లు బారులు తీరినవి. లోపల యంత్రము తిరుగలేదు. 2015 డిసెంబరులో మూతపడిన చక్కెర ఫ్యాక్టరీని దాటి షక్కర్‌నగరు రోడ్డున పోవువారికి ఇది ఉపమాలంకారముగా తోచకపోవచ్చును.

గోలు కొట్టువాడు ఎందుకింత అరుదు? అడ్డుకొను విద్యను కొంత ఆలస్యముగానైనను నేర్పవచ్చును. ఎక్కడ నిలువవలెనో, ఎవరిని కనిపెట్టి ఉండవలెనో చెప్పి, పదే పదే చేయించినచో పట్టుబడును. గోలు ముందర నిలిచినవానికి ఆలోచించు వ్యవధి ఉండదు. కాలు తనంతట తాను పలుకవలెను. అది చిన్ననాటి అభ్యాసము వలన వచ్చునదే కాని, ఇరువది రెండేండ్ల వయసున ఒప్పందపత్రముపై సంతకము చేసిన తరువాత వచ్చునది కాదు. మన క్లబ్బులు ఆ అభ్యాసమును చేయించుటకు బదులు కొనుటకు అలవాటుపడినవి. పెద్ద మొత్తమిచ్చి విదేశీయుని ముందు వరుసలో నిలుపుదురు. మన కుర్రవాడు అతనికి బంతి అందించుచు ఏండ్లు గడుపును. డబ్బు అయిపోయిననాడు విదేశీయుడు వెళ్ళును, అందించువాడు మిగులును.

జాతీయ జట్టు గతియు ఇంతే. 2024లో అది గచ్చిబౌలిలో మూడు ఆటలాడినది. సెప్టెంబరులో మారిషస్‌తో 0-0, సిరియా చేతిలో 0-3, నవంబరులో మలేషియాతో 1-1. మూడు ఆటలకు కలిపి వచ్చినది ఒక్క గోలు. దానిని తలతో కొట్టిన రాహుల్ భేకే వెనుక వరుస ఆటగాడు! శిక్షకుడు మనోలో మార్క్వెజ్. 2022లో హైదరాబాదుకు కప్పు తెచ్చిపెట్టినవాడు అతడే. గురువు అతడే, మైదానమును హైదరాబాదువారికి కొత్తది కాదు. ఒగ్బెచే మాత్రము లేడు. నలుబది ఏండ్లు సమీపించిన సునీల్ ఛేత్రి ఆ ఏడు జూన్‌లో విరమించి, మరుసటి మార్చిలో మరల బూట్లు కట్టుకొనవలసి వచ్చినదన్నచో లోటు ఎక్కడున్నదో వేరుగా చెప్పనక్కరలేదు.

హైదరాబాదుకు ఈ విద్య తెలియనిది కాదు. సయ్యద్ అబ్దుల్ రహీమ్ బడిపంతులు. కాచిగూడ మొదలగు చోట్ల పిల్లలకు పాఠములు చెప్పినవాడు. ఆయన తీర్చిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు రోవర్సు కప్పు గెలిచినది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో భారతదేశము నాలుగవ స్థానమున నిలిచినను, 1962 జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణము గెలిచినను, వెనుక ఆయనే. ఆయన పెట్టిన పోటీలలో కొన్నింటికి నియమములు విచిత్రమైనవి. ఒకదానిలో బంతిని కాలితో నడుపుకొని పోరాదు, అందిన వెంటనే మరొకరికి పంపవలెను. మరొకదానిలో బలహీనమైన కాలితోనే ఆడవలెను. కుడిచేతివాటము పిల్లవానికి ఎడమచేత పలక యిచ్చి వ్రాయించినట్లు! సికిందరాబాదున పుట్టిన తులసీదాస్ బలరామ్ ఆయన చేతిలో రాటుదేలినవాడు. 1960 రోము ఒలింపిక్సులో హంగరీ పైనను, పెరూ పైనను గోలు చేసినది ఆ బలరామే. ఆ రెండు ఆటలును మనము ఓడినాము. అయినను వాటిని తలచుకొన్నవారు తల దించుకొనరు. నేను మొదటనే చెప్పిన భేదము ఇదియే.

2025 అక్టోబరులో హైదరాబాదు ఎఫ్.సి. రాజధానికి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకొన్నది. అభిమానులు కోపగించుకొనుటకు జట్టు సైతము మిగులలేదు. "ముందు వరుస సరిగా లేదు" అని తిట్టుకొనుట కూడ ఒక భోగమేనని అప్పుడు తెలిసినది.

అయితే ఆ ముందు వరుసకు చెందిన మనిషి కొరకు ఊళ్ళు తిరుగనవసరము లేదు. రెంజల్ మండలములోనే కిసాన్ తండా ఉన్నది. గుగులోతు సౌమ్య ఆ తండా పిల్ల. నిజామాబాదు మైదానములలో ఆట నేర్చి, గోకులం కేరళ జట్టున ఆడి, 2022లో క్రొయేషియా దేశపు డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు పోయినది. 2024-25లో ఈస్ట్ బెంగాల్ మహిళల జట్టు లీగు గెలిచినప్పుడు అందులో ఉన్నది. ఆ ఏటికి దేశములో ఉత్తమ క్రీడాకారిణిగా అఖిల భారత సమాఖ్య ఆమెనే ఎన్నుకొన్నది. ఆమె ఆడునది ముందు వరుసలో. కలకత్తా అభిమానులు "కొట్టు!" అని అరచినప్పుడు అక్కడ కొట్టు పిల్ల మన మండలపుది.

ఆ తండా చుట్టుప్రక్కల బడులలో ఎన్నింటికి ఆటస్థలము ఉన్నదో, ఉన్నవాటిలో ఎన్నిచోట్ల రెండు జతల గోలు స్తంభములు నిలిచి ఉన్నవో, మండలములోని ఉపాధ్యాయ మిత్రులు ఒకసారి లెక్క చూడవలెను.